అనుభవ సభలో తొమ్మిది సెకన్లు

ఇందుమతి చచ్చిపోవడం అది తొమ్మిదోసారి.

ఈసారి చావు కాళ్ళ దగ్గర మొదలైంది. నూట ఎనభై టన్నుల ఓడ ముక్క ముందు మోకాళ్ళ మీద పడింది. ఎముకలు విరగడం చెవికి కాదు, పళ్ళకు తెలిసింది. తరవాత తొడలు, ఆ తరవాత నడుం. పొట్టలోంచి వెచ్చగా, ఉప్పగా ఏదో గొంతులోకి ఎగదన్నింది. కుడి చెయ్యి గోళ్ళు విరిగేలా మట్టిలో దేన్నో పట్టుకోబోయింది. మట్టే దొరికింది. అలా పదకొండు సెకన్లు. అప్పుడు పైడినాయుడి గుండె ఆగిపోయింది, దాంతోపాటే యంత్రమూ ఆగింది. విశాఖపట్నంలోని తన ప్రయోగశాలలో కుర్చీకి పట్టీలతో కట్టుకుని ఉన్న ఇందుమతి వాటిని విప్పుకుని, పక్కన సిద్ధంగా పెట్టుకున్న బకెట్లోకి వాంతి చేసుకుంది.

గోడ గడియారంలో పదకొండున్నర. కిటికీ బయట ఎండ కాస్తోంది. ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాక మొరాయిస్తోంది.

ఆమె తల మీంచి తీసిన టోపీ ఆమె కనిపెట్టిందే. చూడ్డానికి యార్డుల్లో పనివాళ్ళు పెట్టుకునే మామూలు పసుపు హెల్మెట్. మహిమంతా లోపలి పొరలో ఉంది. పెట్టుకున్నవాళ్ళ ఒళ్ళు మెదడుకు పంపుకునే ప్రతి కబురునీ ఆ పొర దాచుకుంటుంది. చెవి విన్నదొక వరస, కాలు తొక్కిందొక వరస, గుండె కొట్టుకున్నదొక వరస. ఆ వరసల్ని ఇంకో తలకు తిరిగి అందిస్తే, ఆ ఒంటికి జరిగిందంతా ఈ ఒంటికి జరుగుతుంది. నిజంగా దెబ్బ తగలదు కదా అంటారు చాలామంది. తగల్లేదని ఒంటికి ఎవరు నచ్చజెబుతారు? మూడో ఏడు ఎవరో విజయవాడ మనిషికి తాడు చుట్టే వించిలో ముందు వేళ్ళు, తరవాత ప్రాణం పోయిన రికార్డు చూసిన దగ్గర్నుంచి ఇందుమతి ఎడమచేతి రెండు వేళ్ళకి స్పర్శ లేదు. కుండలో వేడి వేడి పులుసు ఉన్నా తెలియదు, కాలిన వాసన వస్తే తప్ప.

ఆమె బరువులెత్తే యంత్రాల ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘానికి భారత శాఖ కార్యదర్శి. ఇంత పొడుగు పేరున్న సంఘం ఏడాదంతా ఏం చేస్తుందంటే, ఏప్రిల్లో విద్యార్థుల పోటీ పెడుతుంది. ఐస్‌క్రీం పుల్లలతో క్రేన్ కట్టి కోడిగుడ్డు పైకెత్తాలి. ఆగస్టులో సాంకేతిక యాత్ర. యాత్ర అంటే ఒక బస్సు, కొత్త టోపీలు, గ్రూప్ ఫొటో, భోజనం. డిసెంబర్లో మూడు రోజుల వార్షిక సభ. దీపం వెలిగించడం, శాలువాలు, రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ వినని పత్రాలు, ముందే ఖాయమైపోయిన ఎన్నికలు. ఎనిమిదేళ్ళ కిందట ఆ మూడో రోజు మధ్యాహ్నానికి ఇందుమతి పట్టుబట్టి ఒక గంట చేర్పించింది. దానికి అనుభవ సభ అని పేరు పెట్టింది.

ఆ గంటలో రెండు వందల మంది ఇంజనీర్లు కుర్చీల్లో వెనక్కి వాలి, సాక్షి టోపీలు పెట్టుకుని, ఆ ఏడాది దేశంలో అన్నిటికన్నా ఘోరమైన క్రేను ప్రమాదాన్ని పదింట నాలుగు వంతుల జోరుతో అనుభవించాలి. ఆ పని ప్లాను మీద సంతకం పెట్టిన ఇంజనీరు మొదటి కుర్చీలో కూర్చోవాలి. చనిపోయినవాళ్ళ ఇంటి మనిషికి రెండో కుర్చీ. రికార్డు అసలుదేనని కార్యదర్శి ముందుగా పూర్తి జోరుతో పరీక్షించి సంతకం చెయ్యాలి. నియమాలన్నీ ఇందుమతి రాసినవే. కాగితం మీద రాసే రిపోర్టులో ఎవరైనా అబద్ధం ఆడొచ్చు, ఒళ్ళు ఆడదు అని ఆమె అప్పట్లో స్టేజి ఎక్కి చెప్పింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మొదటి రెండేళ్ళూ సభ నుంచి లేచినవాళ్ళు ఏడ్చారు. ఊళ్ళకు వెళ్ళి అరిగిపోయిన వైరు తాళ్ళు మార్పించారు. నాలుగో ఏడుకి క్యూలు మొదలయ్యాయి. "ఈసారి చెయ్యా మేడమ్, కాలా?" అని అడిగేవాళ్ళు తయారయ్యారు. ఆరో ఏడు అధ్యక్షుడు చంద్రమౌళి, అన్ని సభలకూ వచ్చినవాళ్ళకి ప్రత్యేకమైన బ్యాడ్జి ఇప్పించాడు. ఇందుమతికి ఒళ్ళు మండింది కానీ నోరెత్తలేదు.

ఈ ఏడాది ప్రమాదం ఊరికి ఉత్తరాన ఒక ప్రైవేటు ఓడల యార్డులో జరిగింది, అదీ సంఘం సాంకేతిక యాత్రకు వెళ్ళిన రోజునే. రెండు క్రేన్లు కలిసి ఓడ వెనక భాగాన్ని పైకెత్తి, సభ్యులందరూ చూస్తుండగా వదిలేశాయి. కింద తాళ్ళు పట్టే ముగ్గురు ఖలాసీలు పోయారు. ఇద్దరి టోపీలు నుజ్జయిపోయాయి. మిగిలింది పైడినాయుడి టోపీ ఒక్కటే. ప్లాను మీద సంతకం ఆ యార్డు ఇంజనీరు నిరుపమది. నిరుపమ ఇందుమతి కూతురు.

నోరు కడుక్కుని వచ్చి ఇందుమతి రికార్డును వెనక్కి తిప్పింది. చావుకు ముందు అర నిమిషం. పైడినాయుడి కాలు పసుపు గీత దగ్గర ఆగింది. బరువు గాల్లో ఉండగా గీత దాటకూడదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు, పాతికేళ్ళ సర్వీసు. అప్పుడు చెవి వరసలో రేడియో గరగరలాడింది.

"నాయుడూ, ఆ తాడు చిక్కుకుంది. గీత దాటెళ్ళి తప్పించెయ్. ఒక్క నిమిషం, అంతే."

అది నిరుపమ గొంతు. దాని వెనకాల, రేడియోకు కాస్త దూరంగా, ఇంకో గొంతు విసుక్కుంటూ వినిపించింది.

"ఎంతసేపే నిరూ? బస్సు స్టార్ట్ చేసి కూచున్నారక్కడ. భోజనాలు చల్లారిపోతాయి."

ఆ గొంతు ఎవరిదో తెలుసుకోడానికి ఇందుమతి రెండోసారి వినాల్సిన పని లేదు. అయినా ఆరుసార్లు వింది.

* * *

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి నిరుపమ అన్నం వడ్డించుకుని, కలపకుండా కూర్చుని ఉంది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, మూడు నెలల్లో సగమైపోయింది. ప్రమాదం రోజు ఖలాసీలు ఆమెను జీపులోంచి జుట్టు పట్టి ఈడ్చి, బూటుకాళ్ళతో తన్నారు. విరిగిన కాలర్ ఎముక వంకరగా అతుక్కుంది. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. తన్నినవాళ్ళ మీద కేసు పెడతానంటే ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఇంకా రెండు తన్నినా సరిపోయేది కాదమ్మా అంది.

"ఇవాళేగా చూస్తానన్నావు? చూశావా?" అని అడిగింది నిరుపమ.

"చూశాను."

"విన్నావా?"

ఇందుమతి కంచం దగ్గరికి లాక్కుంది. మోకాళ్ళ కింద కాళ్ళు ఉన్నట్టే లేవు. "గాలి ఎక్కువైంది. వైరు తాడు తెగింది. విచారణ కమిటీ చెప్పినట్టే ఉంది."

"దాని ముందు సంగతి అడుగుతున్నాను. నాయుణ్ణి లోపలికి వెళ్ళమన్నాను. కమిటీకి చెబితే టోపీ రికార్డు వచ్చేదాకా ఆగమన్నారు. నువ్వు విన్నావు కదా?"

కూతురి కళ్ళల్లోకి చూస్తే ఆ పిల్ల ఏ జవాబు కోసం చూస్తోందో ఇందుమతికి అర్థం కాలేదు. ఔనంటే ఉరితాడు, కాదంటే ఊపిరి. తల్లి కాబట్టి ఊపిరే ఇచ్చానని తరవాత చాలా రోజులు తనకు తాను చెప్పుకుంది. ఆ ఊపిరి ముందు ఎవరి ముక్కులోకి వెళ్ళిందో చెప్పుకోలేదు.

"రికార్డులో అలాంటి మాట ఏదీ లేదు నిరూ."

నిరుపమ కంచాన్ని గోడకేసి కొట్టింది. అన్నం, పప్పు గోడ మీంచి జారాయి. "నాకు రోజూ వినిపిస్తోంది! కళ్ళు మూస్తే చాలు నా గొంతు నాకే వినిపిస్తోంది. నువ్వు పక్కనే ఉన్నావు కదా, నీకు వినపడలేదా?"

"లేదు. నువ్వేమీ అనలేదు. అతనే వెళ్ళాడు. అంత పెద్ద దెబ్బ చూశాక మెదడు లేనిపోనివి అల్లుకుంటుంది. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు చెప్పు?"

ఆ మాట నిజమే. దేశంలో ఆ సంగతి ఇందుమతి కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అందుకే నిరుపమ నమ్మింది. కాసేపు తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. లేచి గోడ తుడిచింది. తరవాత ఇంకో కంచం పెట్టుకుని రెండుసార్లు మారు వడ్డించుకుని తింది. మూడు నెలల్లో ఆ పిల్ల ఆకలిగా తినడం అదే మొదలు. అది చూశాక ఇందుమతికి ఇక వెనకడుగు వెయ్యాలని అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాల తలుపు గడియ పెట్టి పని మొదలుపెట్టింది. చెవి వరసలో తొమ్మిది సెకన్లు కోసేసి, అక్కడ గాలి హోరు అతికించింది. గుండె కొట్టుకోవడం సరిచేసింది. కాళ్ళ వరసలో గీత దగ్గర తొట్రుపాటు తగ్గించింది. చేతులు చూసింది, నడుం చూసింది, వేలి కొసల చెమట కూడా చూసింది. గ్రాఫులన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఎనిమిదేళ్ళుగా ఆమె గానీ ఆ సంఘంలో ఇంకెవరు గానీ రికార్డులో వెతికింది అవే. ఖలాసీ అంటే వాళ్ళకు చేతులూ కాళ్ళూ. బరువెత్తేవి అవే, నలిగేవీ అవే. మిగతా ఒళ్ళు ఏం చేస్తోందో చూడాలని ఎవరికీ తట్టలేదు.

కింద సంతకం పెట్టి, అసలుదని ముద్ర వేసింది.

* * *

డిసెంబర్ సభ బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో జరిగింది. మొదటి రోజు దీపాలు వెలిగాయి. రెండో రోజు శాలువాలు కప్పారు. కోడిగుడ్డు పగలకుండా ఎత్తిన వరంగల్ కాలేజీ వాళ్ళకి కప్పు ఇచ్చారు. చంద్రమౌళి వార్షిక నివేదిక చదువుతూ ఆగస్టు యాత్ర గురించి "కొద్దిపాటి అవాంతరంతో జరిగినా" అన్నాడు. ముందు వరసలో ఒకాయన అప్పుడే చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

మూడో రోజు మధ్యాహ్నం కుర్చీలు సిద్ధం చేస్తుండగా వాకిట్లో గోల వినబడింది. పది మంది ఖలాసీలు సెక్యూరిటీ వాళ్ళను తోసుకుని లోపలికి వస్తున్నారు. అందరికన్నా ముందు ఒక సన్నపాటి ఆడమనిషి నడుస్తోంది. నలభై ఏళ్ళుంటాయి, నీలం చీర, చేతిలో సంఘం పంపిన ఆహ్వాన పత్రం. నియమం ప్రకారం ఏటా చనిపోయినవాళ్ళ ఇంటికి ఆ పత్రం పంపుతారు. ఎనిమిదేళ్ళలో ఒక్కరూ వచ్చింది లేదు. రెండో కుర్చీలో పూలదండ పెట్టడం అలవాటైపోయింది.

"నాను నూకరత్నాన్ని. పైడినాయుడి పెళ్ళాన్ని," అంది ఆమె. "నాకు కుర్చీ ఉన్నాదని రాసినారు. ఏదీ?"

చంద్రమౌళి ఇందుమతి వైపు చూశాడు. "అమ్మా, ఇది చాలా కష్టంగా ఉంటుంది. మీవల్ల కాదు," అన్నాడు నూకరత్నంతో.

"ఆడు పడ్డాడు కదా. నావల్ల కాదేటి?"

దండ తీసేసి ఆమెను కూర్చోబెట్టారు. పైడినాయుడి తమ్ముడు తాతారావు, మిగతా ఖలాసీలు గోడవారగా నిలబడ్డారు. మొదటి కుర్చీలో నిరుపమ ఉంది. ఇద్దరు ఆడవాళ్ళ మోచేతులూ దాదాపు ఆనుకున్నాయి. నిరుపమ తలొంచుకుంది. నూకరత్నం ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఇందుమతి తడుముకోకుండా మీట నొక్కింది. అంత నమ్మకం ఉంది ఆ గ్రాఫుల మీద.

రెండు వందల ఒళ్ళు ఒక్కసారిగా నిటారుగా అయ్యాయి. నాలుగు వందల పాదాలు నేలను తడిమి, గీత దగ్గర ఆగాయి. తొమ్మిది సెకన్లు గాలి హోరు. పాదాలు కదిలాయి. ఆ తరవాత ఓడ ముక్క పడింది. హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. కాళ్ళు తన్నుకున్నాయి, కుర్చీలు కిర్రుమన్నాయి, ఒకాయన నాలుక కరుచుకుని గడ్డం మీదుగా నెత్తురు కార్చుకున్నాడు. వెనక వరసలో ఎవరో పెద్దాయన "అమ్మో, ఆపండి" అని ఏడ్చాడు. పదకొండు సెకన్లు గడిచాయి, యంత్రం ఆగింది.

టోపీలు తీసుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ జనం లేస్తున్నారు. బ్యాడ్జి పెట్టుకున్న ఒకాయన "తనంతట తనే వెళ్ళాడండీ పాపం, ఎవరూ పిలవలేదు," అన్నాడు పక్కాయనతో. ఆ మాట అందరికీ వినబడింది. "అదే కదా, గీత దాటకూడదని తెలీదా?" అని ఇంకెవరో అందుకున్నారు. నిరుపమ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆమె భుజాలు నెమ్మదిగా కిందికి దిగడం ఇందుమతి చూసింది. బతికిపోయాం అనుకుంది.

నూకరత్నం మాత్రం టోపీ తియ్యలేదు. మొహమంతా కన్నీళ్ళు, ముక్కు కారుతోంది, చేతులు ఇంకా కుర్చీ పట్టెల్ని పిసుకుతున్నాయి. "మల్లీ ఎయ్యండి," అంది.

"వద్దమ్మా," అన్నాడు చంద్రమౌళి.

"గీత కాడ నుంచి ఎయ్యండి. ఆడు సచ్చింది నాకొద్దు. గీత కాడ నిలబడ్డాడు సూడండి, అక్కడ."

అడిగింది చచ్చినవాడి పెళ్ళాం, ఎవరూ కాదనలేకపోయారు. ఇందుమతి ఆమె ఒక్కదానికే ఆ తొమ్మిది సెకన్లు మళ్ళీ నడిపించింది. నూకరత్నం కళ్ళు మూసుకుని, తన పెదాల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. అయిపోగానే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆడు మాటాడినాడు," అంది.

లేచి వెళ్తున్నవాళ్ళు వెనక్కి తిరిగారు.

"నా గొంతుక మెదిలింది. నాలిక మెదిలింది. రెండు పెదాలూ ఒకపాలి కలిసి ఇడిపోనాయి." ఆమె తన పెదాలు మూసి తెరిచి చూపించింది. "ఇరవై ఏళ్ళు ఆడితో కాపరం సేసినాను, ఆడు మాటాడతన్నాడో, ఊరుకున్నాడో నాకు తెల్దా? ఎవులో పిలిచినారు. ఆడు బదులు సెప్పినాడు. ఆ మాటేదీ? నా సెవిలోకి గాలొచ్చింది గానీ ఆడి మాట రానేదు. ఆడి మాట ఎవులు తీసీసినారు?"

పెదాలు. గొంతు. ఆ వరసలు ఆమె తెరిచి కూడా చూడలేదు. చెవి కోసింది, నోరు వదిలేసింది.

"అమ్మా, భయానికి గుటక వేసి ఉంటాడు..." అని చంద్రమౌళి మొదలుపెట్టాడు.

"గుటక కాదు," అంటూ నిరుపమ లేచి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. ఆమె చూస్తున్నది చంద్రమౌళిని కాదు, నూకరత్నాన్నీ కాదు. మీట దగ్గర నిలబడ్డ తల్లిని. "నాయుడు నన్ను 'అమ్మా' అంటాడు. పెదాలు కలిసింది అక్కడే. పిలిచింది నేను. నాకు గుర్తున్నదే నిజం. వెళ్ళమన్నది నేనే."

ఆ ఒక్క మాట కోసమే నాలుగు నెలలుగా కాచుకుని ఉన్నట్టు తాతారావు గోడ దగ్గర్నుంచి దూసుకొచ్చాడు. దారిలో ఉన్న టోపీని అందుకుని బలంగా విసిరాడు. అది నిరుపమ చెంప ఎముక మీద తగిలింది. టక్కుమన్న శబ్దం చివరి వరస దాకా వినబడింది. ఆమె కుర్చీ మీదుగా వెనక్కి పడింది. ఖలాసీలు మీద పడ్డారు. ఇంజనీర్లు ఖలాసీల మీద పడ్డారు. ఇందాక చావును అనుభవించి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళే కుర్చీలు ఎత్తి నెత్తుల మీద మోదారు. ఒక ఖలాసీ ముక్కు పగిలింది. ఒక ప్రొఫెసరు గారి పళ్ళు రెండు కార్పెట్ మీద పడ్డాయి. దీపస్తంభం కూలింది. ఎవరో ఎవరి పీకో పిసుకుతున్నారు. ఇంత దెబ్బలాట నేర్పడానికేనా ఎనిమిదేళ్ళు నేను చచ్చింది అనిపించింది ఇందుమతికి.

ఆమె మైకు అందుకుని "ఆపండి, నేను చెబుతాను" అని అరిచింది. మైకు పనిచెయ్యడం లేదు. తీగ ఎవరి కాళ్ళ కిందో తెగిపోయింది. దాన్ని అవతల పారేసి జనంలోకి దూరింది. తాతారావు మోకాలు నిరుపమ రొమ్ము మీద ఉంది, పిడికిలి పైకి లేచి ఉంది. ఇందుమతి కూతురి మీద బోర్లా పడింది. పిడికిలి ఆమె వీపున దిగింది. తరవాత ఇనుప కుర్చీ కాలు ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరగడం పళ్ళకు తెలిసింది. ఇన్నేళ్ళకు మొదటిసారి తన సొంత ఎముక. ఇంకో దెబ్బకు పెదవి చిట్లింది.

"నేను!" అని అరిచింది. "దాన్ని తొందరపెట్టింది నేను! కోసేసింది నేను! కొడితే నన్ను కొట్టండి!"

"ఆగండ్రా!" నూకరత్నం గొంతు ఆ గోలను చీల్చుకుంటూ వచ్చింది. తాతారావు జబ్బ పట్టి ఇవతలికి ఈడ్చింది. "ఆగరా తాతా! ఆవిడేటో సెప్తంది, ఇననీ!"

ఒక్కొక్కరే ఆగారు. రొప్పులు, మూలుగులు తప్ప ఏమీ వినబడటం లేదు. నిరుపమ ఒక కన్ను అప్పుడే మూసుకుపోయింది. ఊపిరి మాత్రం ఆడుతోంది. నిరుపమ తల్లి చీర కొంగు పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు.

చంద్రమౌళి చొక్కా చిరిగి, చెవి దగ్గర నెత్తురుతో ముందుకొచ్చాడు. ఆ పరిస్థితిలో కూడా అతనిలో అధ్యక్షుడు చావలేదు. "అసలు రికార్డు ప్రయోగశాలలో ఉంటుందమ్మా. ఇప్పుడే తెప్పిస్తాం. టోపీలో మీరే స్వయంగా..."

"ఆ టోపీ నాకొద్దు," అంది నూకరత్నం. వచ్చి ఇందుమతి ఎదురుగా నేల మీద కూర్చుంది. "నోరున్నాది కదా. నోటితో సెప్పు."

ఇందుమతి చెప్పింది. ఎనిమిదేళ్ళుగా ఏ ప్రమాదం గురించీ ఆమె ఎవరికీ నోటితో చెప్పాల్సిన అవసరం రాలేదు, టోపీయే చెప్పేది. నిరుపమ ఏమందో చెప్పింది. వెనకాల తను ఏమందో చెప్పింది. బస్సు అనే మాట దగ్గర ఆగితే నూకరత్నం "ఊఁ" అంది. భోజనాల సంగతి కూడా చెప్పింది. కూతురికి నువ్వేమీ అనలేదని చెప్పి, ఆ పిల్ల మతి ఆ పిల్లదే కాకుండా చేసిన సంగతి చెప్పింది. కోసిన సంగతి, అతికించిన సంగతి, ముద్ర వేసిన సంగతి చెప్పింది. ఒక్క బ్యాడ్జి కూడా కదలలేదు.

నూకరత్నం అంతా విని, చెయ్యెత్తి ఇందుమతి చెంప మీద కొట్టింది. పగిలిన పెదవిలోంచి నెత్తురు చిమ్మింది. రెండోది కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టకుండా దించేసింది.

"మరి ఆడేటన్నాడు?"

ఇందుమతి నోరు తెరిచింది. ఆ తొమ్మిది సెకన్లను ఆరుసార్లు విన్నది కూతురి గొంతు కోసం, తన గొంతు కోసం. మూడో గొంతు ఒకటి ఉందని ఆమె చెవులకు తెలుసు కానీ, ఆమెకు ఎప్పుడూ పట్టలేదు. కత్తెర వేసినప్పుడు ఒక మనిషి ఆఖరి మాట కూడా అందులో తెగిపోతోందని ఒక్క క్షణం కూడా తోచలేదు. కళ్ళు మూసుకుంది. గీత దగ్గర నిలబడింది. రేడియో గరగర, కూతురి మాట, తన విసుగు. వాటి మధ్య ఒక మగ గొంతు, వినయంగా, ఏ మాత్రం భయం లేకుండా.

"ఎల్తన్నానమ్మా... అన్నాడు."

నూకరత్నం తలెత్తింది. "అంతేనా?"

"అంతే."

"కోపంగా అన్నాడా?"

"లేదు. మామూలుగా. ఎవరైనా పని చెబితే అన్నట్టు."

"నాలుగు నెలల నుంచి మా అత్త అడుగుతాది. పోయేముందు నా కొడుకు ఏటన్నాడే, నన్ను తలిసినాడా, నిన్ను తలిసినాడా అని. నాకు తెల్దత్తా, టోపీలో ఉంటాది, ఇని వచ్చి సెప్తానన్నాను." ఆమె కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "ఆడెలాగన్నాడో అలాగే అను. మీలాగ కాదు, ఆడిలాగ."

ఇందుమతి విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, చిట్లిన పెదాలు రెండూ కలిపి, విడదీసి, అతని లాగే అంది.

"ఎల్తన్నానమ్మా."

నూకరత్నం ఇంకా దగ్గరికి జరిగింది. చెవి ఆమె నోటి దగ్గర పెట్టింది.

"మల్లీ," అంది.